17254 అంటే 230 వోల్టులే

మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. ఆకివీడు దగ్గర వనామీ రొయ్యల చెరువులు. షెడ్డులో ప్యానెల్ బోర్డు, అందులో మూడు ఎనర్జీ మీటర్లు, నీళ్లు తోడే మోటారుకు ఒక వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం). గట్టు మీద ఒక డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్. అన్నిటినీ ఒకే ఆర్‌ఎస్-485 లైనుకు (పరికరాలు సమాచారం పంపుకునే తీగకు) కలిపి, మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిలో చదివేలా, యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌కు తెచ్చారు. మొదటి మీటరును వోల్టేజి అడిగితే 17254, 13108 అని రెండు అంకెలు వస్తున్నాయి. మొదటిది పెద్దగా కదలడం లేదు, రెండోది మాత్రం చదివిన ప్రతిసారీ ఎక్కడెక్కడికో పోతోంది. పగలు ఈ మాత్రమైనా వస్తోంది కానీ రాత్రి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేయగానే టైమ్‌అవుట్‌లు, అంటే గడువులోగా జవాబు రాకపోవడం, మొదలవుతున్నాయి. పైమోడ్‌బస్ లైబ్రరీ తీసేసి మినిమల్‌మోడ్‌బస్ పెట్టారు, టైమ్‌అవుట్ పెంచారు, ఫలితం లేదు. పరికరాలను ఎంత తరచుగా అడగాలని, చివరగా, డీవో పడిపోతే ఏరేటర్లు వాటంతట అవే తిరిగేలా చేయవచ్చా అని అడిగారు.

లైబ్రరీని వదిలేయండి, దాని తప్పేమీ లేదు. మీకున్నవి రెండు వేర్వేరు చిక్కులు. ఒకేసారి బయటపడటం వల్ల ఒకటే అనిపిస్తున్నాయి. అంకెల గొడవ మీరు చదివే తీరులో ఉంది, టైమ్‌అవుట్ల గొడవ తీగలో ఉంది. రెండింటికీ ఒకే మందు వేయాలని చూస్తే రెండూ నయం కావు. పగటిపూట, ఏరేటర్లు ఆగి ఉన్నప్పుడు అంకెల సంగతి తేల్చేయండి. అది పూర్తయ్యేదాకా తీగ జోలికి వెళ్లవద్దు.

నిజానికి మీ మీటరు మీకు అబద్ధం చెప్పడం లేదు. మీరిచ్చిన ఆ రెండు అంకెలే సాక్ష్యం. మీటరు తీగ మీద పంపిన జవాబు ఇలా ఉంటుంది: 01 04 04 43 66 33 34, ఆ తర్వాత సీఆర్‌సీ బైట్లు (దారిలో తప్పు దొర్లిందో లేదో చూసేవి) రెండు. ఇవి పదహారు ఆధారంగా రాసిన అంకెలు. మొదటి 01 మీటరు చిరునామా. తర్వాతి 04 మీరు అడిగిన ఫంక్షన్, అంటే ఇన్‌పుట్ రిజిస్టర్లు (మీటరులో విలువలు ఉండే గదులు) చదవడం. మూడోదైన 04, వెనక నాలుగు బైట్ల సమాచారం వస్తోందని చెబుతుంది. ఆ నాలుగు బైట్లే 43 66 33 34. మోడ్‌బస్‌లో ఒక్కో రిజిస్టరు 16 బిట్లే కాబట్టి మీ ప్రోగ్రాము వాటిని రెండుగా విడదీసి, 43 66ను 17254గా, 33 34ను 13108గా చూపించింది. విడదీయకుండా నాలుగూ కలిపి 32 బిట్ల ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) చదివితే వచ్చేది 230.2. మీ మీటరు డిస్‌ప్లే మీద అప్పుడు ఉన్నది కూడా అదే అయి ఉంటుంది, లేదా దానికి బాగా దగ్గరగా.

నమ్మకం కుదరకపోతే కాగితం మీదే చూసుకోవచ్చు. వోల్టేజి 128కి, 256కి మధ్య ఉన్నంతసేపు మొదటి అంకెలోంచి 17024 తీసేస్తే పూర్ణాంకం వస్తుంది. 17254 నుంచి 17024 పోతే 230. రెండో అంకెను 65536తో భాగిస్తే దశాంశ భాగం. 13108ని భాగిస్తే 0.2. మీరు గమనించిన విడ్డూరానికి కారణం కూడా ఇదే. లైన్లో వోల్టేజి ఒకటి అటూ ఇటూ మారితే మొదటి అంకె కూడా ఒకటే మారుతుంది. దశాంశం మాత్రం క్షణానికో తీరుగా ఉంటుంది కాబట్టి రెండో అంకె సున్నా నుంచి 65535 దాకా ఎక్కడైనా తిరుగుతుంది. ఈ చిట్కా 128 నుంచి 256 లోపు విలువలకే పని చేస్తుంది. 415 వోల్టుల లైన్ వోల్టేజికి దీన్ని వాడితే తప్పు వస్తుంది. ప్రోగ్రాములో పెట్టాల్సింది ఇది కాదు. పైథాన్‌లో స్ట్రక్ట్ మాడ్యూల్ ఉంది, రెండు అంకెలను నాలుగు బైట్లుగా కట్టి ఫ్లోట్‌గా విప్పమంటే అదే చూసుకుంటుంది. మినిమల్‌మోడ్‌బస్‌లో అయితే ఫ్లోట్ చదవడానికి ప్రత్యేకంగా ఒక ఫంక్షనే ఉంది.

ఈ గందరగోళం ఎందుకు వచ్చిందంటే, మోడ్‌బస్ 1979 నాటిది. మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (యంత్రాలను నడిపే కంప్యూటర్ల) కోసం తయారు చేసింది. అప్పటి అవసరాలకు 16 బిట్ల రిజిస్టర్లు సరిపోయాయి. ఒక రిజిస్టరులో ఏ బైటు ముందు వెళ్లాలో ఆ ప్రమాణం చెప్పింది కానీ, రెండు రిజిస్టర్లు కలిసిన పెద్ద సంఖ్యలో ఏ సగం ముందు రావాలో చెప్పలేదు. దాంతో ఎవరి ఇష్టం వారిదైంది. మీ మీటరు పెద్ద సగాన్ని ముందు పంపుతోంది. మీ డీవో సెన్సార్ చిన్న సగాన్ని ముందు పంపవచ్చు. అదే తీగ మీద, అదే ప్రోగ్రాములో, రెండు పరికరాలకు రెండు పద్ధతులు రాయాల్సి రావడం మామూలే.

వరుస తేల్చుకోవడానికి నేను ముందుగా చదివేది వోల్టేజి కాదు, ఫ్రీక్వెన్సీ. మన కరెంటు ఎప్పుడూ 50 హెర్ట్జ్ చుట్టూనే ఉంటుంది. సరిగ్గా 50.0 అనే ఫ్లోట్ బైట్లలో 42 48 00 00. అంటే రెండు అంకెల్లో ఒకటి 16968 అయి ఉండాలి. 50కి కాస్త తక్కువైతే 16967. ఈ రెండింట్లో ఒకటి మొదట కనిపిస్తే పెద్ద సగం ముందున్నట్టు, రెండోదిగా కనిపిస్తే చిన్న సగం ముందున్నట్టు. కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు చూస్తే 16972 వంటిది వచ్చినా కంగారు పడకండి, జనరేటర్ 51 మీద తిరుగుతోందన్నమాట. ఫ్రీక్వెన్సీ ఫ్లోట్‌లో కాకుండా 5000 అనో 500 అనో నేరుగా వస్తే ఆ పరికరం పూర్ణాంకాలు పంపుతోందని, వందతోనో పదితోనో భాగించుకోవాలని అర్థం. వీఎఫ్‌డీలు ఎక్కువగా ఇలాగే పంపుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. మీ మీటరు మాన్యువల్‌లో మొదటి ఫేజు వోల్టేజి 30001 అని, రెండో ఫేజు 30003 అని రాసి ఉంటుంది. తీగ మీద పంపాల్సింది 30001 కాదు, సున్నా. 30003 అయితే 2. అంటే ముందున్న 3 తీసేసి, మిగిలినదాంట్లో ఒకటి తగ్గించాలి. 40001 అని ఉంటే అది హోల్డింగ్ రిజిస్టరు, ఫంక్షన్ 03తో అడగాలి, చిరునామా మళ్లీ సున్నాయే. కొన్ని మాన్యువల్స్ ఈ తగ్గింపు ముందే చేసి ఇస్తాయి, కొన్ని చేయవు. కొన్ని సాధనాలు మీ తరఫున తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. ఉదాహరణకు ఎంబీపోల్ అనే కమాండు చిరునామాలను ఒకటి నుంచే లెక్కపెడుతుంది, సున్నా నుంచి కావాలంటే విడిగా చెప్పాలి.

ఒకటి తప్పితే ఏమవుతుందో చూడండి. సున్నాకు బదులు 1 నుంచి రెండు రిజిస్టర్లు అడిగారనుకోండి. వచ్చేవి మొదటి ఫేజు దశాంశ సగం 13108, రెండో ఫేజు పూర్ణాంక సగం, ఉదాహరణకు 17251. ఇవి చూసి 'ఓహో, ఈ మీటరులో సగాలు తారుమారుగా ఉన్నాయి' అనుకుని ప్రోగ్రాములో తిప్పేస్తారు. వెంటనే 227.2 వస్తుంది. చూడటానికి ముచ్చటైన వోల్టేజి. కానీ అది రెండో ఫేజు పూర్ణాంకానికి మొదటి ఫేజు దశాంశం అతికించిన అంకె. వోల్టేజిలో ఈ తప్పు దొరకదు, ఎందుకంటే మూడు ఫేజులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. నెలాఖరున యూనిట్ల లెక్క తేడా వచ్చినప్పుడు దొరుకుతుంది. అందుకే ఏ విలువ చదివినా మీటరు డిస్‌ప్లేతో పోల్చి చూడండి, మూడు ఫేజులనూ విడివిడిగా. ఆంపియర్లయితే టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూడండి. డిస్‌ప్లే, ప్రోగ్రాము రెండూ ఒకే అంకె చూపిస్తూ టాంగ్ టెస్టర్ ఒక్కటే వేరుగా చూపితే, తప్పు మోడ్‌బస్‌ది కాదు. మీటరులో సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తి సరిగా పెట్టలేదు.

ఫ్లోట్‌కు చెందిన రెండు రిజిస్టర్లనూ ఒకే అభ్యర్థనలో చదవాలి. విడివిడిగా అడిగితే మధ్యలో విలువ మారిపోయి, పాత సగం కొత్త సగం కలిసి లేని అంకె పుడుతుంది. అలాగే కొన్ని విలువలు రుణ సంఖ్యలు కావచ్చు. పూర్ణాంకాలు పంపే పరికరం నుంచి 65531 అని వస్తే అది అంత పెద్ద సంఖ్య కాదు, 65536 తీసేస్తే వచ్చే మైనస్ 5.

ఇప్పుడు తీగ సంగతి. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే.

ముందు, వైఫల్యాలన్నిటినీ 'టైమ్‌అవుట్' అని ఒకే గాటన కట్టకండి. మోడ్‌బస్ మూడు రకాలుగా విఫలమవుతుంది, మూడూ మూడు వేర్వేరు చోట్లకు దారి చూపుతాయి. పరికరం కాదంటూ జవాబిస్తే, అంటే 04 అడిగితే 84 అని, దాని పక్కన 02 అని వస్తే, సంతోషించండి. తీగ, వేగం, చిరునామా అన్నీ బాగున్నాయి. లేని రిజిస్టరు అడిగారు, అంతే. పక్కన 01 ఉంటే ఆ ఫంక్షనే దానికి తెలియదని. జవాబు వచ్చింది కానీ సీఆర్‌సీ కుదరలేదంటే, తీగ మీద రొద ఉన్నట్టు, లేదా రెండు పరికరాలకు ఒకే చిరునామా ఉండి రెండూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు. మీటర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చాలావరకు 1 అనే చిరునామాతోనే వస్తాయి. మీ మూడు మీటర్లకు మూడు చిరునామాలు పెట్టారో లేదో మీ ప్రశ్నలో లేదు. పెట్టకపోతే మిగతావి విప్పేసి, ఒక్కోదాన్నే కలిపి మార్చండి. ఇక పూర్తి నిశ్శబ్దం అంటే వేగమో, ప్యారిటీనో (తప్పు పట్టే అదనపు బిట్టు), చిరునామానో తప్పు, లేదా రెండు తీగలూ తారుమారు. తారుమారు చేసి చూడటం వల్ల ఏదీ కాలిపోదు. ఏ, బీ అనే గుర్తులను కంపెనీలు తలోరకంగా వాడతాయి కాబట్టి గుర్తులను నమ్మడం కంటే మార్చి చూడటమే నయం. ప్రమాణం ప్రకారం ప్యారిటీ ఈవెన్ ఉండాలి కానీ బజారులో దొరికే పరికరాల్లో చాలావాటికి ప్యారిటీ లేకుండానే వస్తుంది. లైను మీద ఉన్న అన్నిటికీ ఒకే అమరిక ఉండాలి.

మీ ప్రోగ్రాములో ఈ మూడింటినీ వేర్వేరుగా, సమయంతో సహా రాసి పెట్టండి. ఒక రాత్రి గడిచాక ఆ పట్టీ చదివితే సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఏరేటర్ వేసిన క్షణంలోనే ఒకటి రెండు పోయి తర్వాత సర్దుకుంటే అనుమానం స్టార్టర్ మీద. కాంటాక్టర్ (మోటారు వేసే అయస్కాంత స్విచ్) కాయిలు వదిలేటప్పుడు, పట్టేటప్పుడు ఒక్కసారిగా లేచే వోల్టేజి అది. కాయిలుకు అడ్డంగా సర్జ్ సప్రెసర్ పెడితే చాలావరకు పోతుంది, ఖర్చూ తక్కువే. అలా కాక మోటారు తిరిగినంతసేపూ సీఆర్‌సీ తప్పులు వస్తూ ఉంటే అనుమానం వీఎఫ్‌డీ మీద. అది మోటారుకు పంపేది మెత్తని అల కాదు, వేగంగా కొట్టుకునే పల్సులు. మీ సమాచార తీగ ఆ మోటారు కేబులుతో కలిసి ఒకే పైపులో పోతుంటే ఇక చెప్పక్కర్లేదు. విడదీయండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.

మూడో అవకాశం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ తలవరు. ఏరేటర్లు వరసగా వేసినప్పుడు షెడ్డులో వోల్టేజి క్షణకాలం పడిపోతుంది. మోటార్లకు ఏమీ కాదు కానీ మీ రాస్ప్‌బెర్రీ పై చార్జరు నాసిరకమైతే ఐదు వోల్టులు నిలవవు. పై తన లాగ్‌లో వోల్టేజి తగ్గిందని రాసుకుంటుంది, డీమెసేజ్ కమాండుతో చూడవచ్చు. అక్కడే ఇంకొకటి కూడా చూడండి. యూఎస్‌బీ కన్వర్టర్ ఊడి మళ్లీ తగులుకున్నట్టు ఉందా? అలా జరిగినప్పుడు పోర్టు పేరు సున్నా నుంచి ఒకటికి మారిపోతుంది. మీ ప్రోగ్రాము ఇంకా పాత పేరునే పట్టుకుని, ఎవరూ లేని గదిలో పిలుస్తూ ఉంటుంది. పోర్టు నంబరు కాకుండా కన్వర్టర్ ఐడీతో ఉండే స్థిరమైన పేరు వాడండి. చార్జరు మంచిది కొనండి, వీలైతే చిన్న యూపీఎస్ మీద పెట్టండి. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే చోట ఎస్‌డీ కార్డు కూడా దానివల్లే బతుకుతుంది. మీది పై 4 గానీ అంతకంటే పాతది గానీ అయితే అందులో గడియారం చిప్పు లేదు. నెట్ లేకుండా మళ్లీ లేస్తే తప్పు సమయం రాసుకుంటుంది. డీవో ఎప్పుడు పడిపోయిందో తెలియని రికార్డు ఎందుకూ పనికిరాదు.

తీగ దగ్గరకు వస్తే, మన వైపు షెడ్లలో ఎక్కువగా కనిపించేది ఇంటర్నెట్ కేబులే. చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దాన్ని వాడినందుకు నేను తప్పు పట్టను. ఆర్‌ఎస్-485కు 120 ఓమ్‌ల కేబులు కావాలంటారు, ఇది 100 ఓమ్‌లది. మీ దూరాలకు, సెకనుకు 9600 బిట్ల వేగానికి ఆ తేడా లెక్కలోకి రాదు. కానీ కొన విప్పి చూడండి. నారింజ రంగు తీగ ఒకటి, నీలం రంగు తీగ ఒకటి తీసుకుని ఏ, బీలకు బిగించి ఉంటారు. మెలిక తిరిగి ఉండేది నారింజ తీగ, నారింజ చారల తెల్ల తీగ. ఆ రెండింటినీ జంటగా వాడితేనే మెలిక ప్రయోజనం ఉంటుంది. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి, తేడా చూసే రిసీవరులో రద్దవుతుంది. వేర్వేరు జంటల నుంచి ఒక్కో తీగ తీసుకుంటే ఆ రద్దు జరగదు. పగలు బాగానే ఉండి రాత్రి మోటార్లు వేయగానే చచ్చిపోయే లైన్లకు నేను చూసినంతలో ఎక్కువగా ఇదే కారణం.

మరో జంటలోని ఒక తీగను అన్ని పరికరాల కామన్ టెర్మినళ్లకు కలపండి. ఆర్‌ఎస్-485 రెండు తీగలతో నడుస్తుందని అందరూ చెప్పే మాట సగం నిజమే. పరికరాల మధ్య భూమి వోల్టేజి తేడా మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టులు దాటితే మామూలు చిప్పులు వినలేవు. షెడ్డుకు ఒక ఎర్తింగు, గట్టు మీద మరో ఎర్తింగు ఉన్నప్పుడు ఆ తేడా ఎంతకైనా పోవచ్చు. షీల్డు ఉంటే ఒక కొసనే ఎర్తుకు కలపండి, రెండు చివర్లా కలిపితే అదే కొత్తగా కరెంటు మోసే దారి అవుతుంది.

లైను ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి, దాని నుంచి మరోదానికి గొలుసులా వెళ్లాలి. షెడ్డు మధ్యలో జంక్షన్ పెట్టి నాలుగు వైపులా చీల్చకూడదు. గొలుసు రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టరు. సరిగా ఉందో లేదో తేల్చడానికి అన్నిటికీ కరెంటు ఆపి, ఏ, బీల మధ్య మల్టీమీటరు పెట్టండి. దాదాపు 60 ఓమ్‌లు చూపితే సరిగా ఉంది. 120 అయితే ఒక్కటే ఉంది. 40 అయితే ఎవరో మూడోది కూడా పెట్టారు, లేదా ఏదో పరికరంలో లోపలి స్విచ్ వేసి ఉంది. కరెంటు ఇచ్చాక, ఎవరూ మాట్లాడనప్పుడు అదే చోట డీసీ వోల్టేజి చూడండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే లైను ఖాళీగా ఉన్నప్పుడు చిన్న రొదను కూడా రిసీవరు అక్షరంగా భావిస్తుంది, బయస్ రెసిస్టర్లు (ఖాళీ లైనును ఒకవైపు నిలిపి ఉంచేవి) కావాలి. కొన్ని కన్వర్టర్లలో అవి ముందే ఉంటాయి.

డీవో సెన్సార్ దగ్గర వేరే కథ. దాని ముక్కు నీళ్లలో ఉంటుంది, నీళ్లలోనే ఏరేటర్ మోటార్లూ తేలుతుంటాయి. ఏదో ఒక మోటారు కేబులు చర్మం లేచి కొంచెం కరెంటు నీళ్లలోకి పోతున్నా, ఆ సెన్సార్ వింతగా ప్రవర్తిస్తుంది. కాబట్టి ఏరేటర్ వేసినప్పుడు డీవో సెన్సార్ ఒక్కటే పోతుంటే ముందు మోడ్‌బస్ గురించి కాదు, మనిషి గురించి ఆలోచించండి. ఆ చెరువులోకి మేత చూడటానికి, వల తీయడానికి ఎవరో ఒకరు దిగుతారు. ఏరేటర్ లైన్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) ఉందా? మాటిమాటికీ పడిపోతోందని ఎవరైనా దాన్ని తప్పించి నేరుగా కలిపారా? ఈ ఒక్కటి తేల్చకుండా మిగతా పని ఏదీ చేయవద్దు.

గట్టు వైపు వెళ్లే లైనును ఐసొలేషన్ ఉన్న (రెండు వైపుల మధ్య నేరు విద్యుత్ సంబంధం లేని) కన్వర్టర్ ద్వారా పంపండి, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. ఈ చెరువుల మైదానంలో మీ స్తంభాల కంటే ఎత్తయినది మైలు దూరం వరకు ఉండదు. పిడుగు నేరుగా పడితే ఏదీ ఆపలేదు కానీ దూరంగా పడ్డ పిడుగుకు మీటర్లన్నీ ఒకేసారి మూగబోవడాన్ని ఇవి ఆపుతాయి. ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చబడతాయి. డబ్బా కింది నుంచి కేబులు గ్లాండ్ వేసి తీసుకురండి, రంధ్రం వదిలేస్తే బల్లులు కాపురం పెడతాయి. ఎలుకల సంగతి మీకు నేను చెప్పాలా.

సెన్సార్ ఇచ్చే అంకె తీగ మీద క్షేమంగా వచ్చినా అది నిజమైన డీవో కాకపోవచ్చు. 30 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ సంతృప్త స్థాయి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఉప్పు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. సెన్సార్‌లో లవణీయత సున్నా అని వదిలేస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అంటే ప్రమాదం వైపే తప్పు చెబుతుంది. ఆ విలువ రాసే రిజిస్టరు మాన్యువల్‌లో ఉంటుంది, మీ చెరువు ఉప్పు కొలిచి అందులో పెట్టండి. ముక్కు మీద నాచు పడితే మళ్లీ అంతే సంగతి. వారానికోసారైనా తుడవాలి.

ఎంత తరచుగా అడగాలన్నారు. 9600 వేగంలో ఒక బైటుకు సుమారు ఒక మిల్లీసెకను. అడగడం ఎనిమిది బైట్లు, రెండు రిజిస్టర్ల జవాబు తొమ్మిది. పరికరం ఆలోచించుకునే సమయం కలుపుకున్నా ఐదు పరికరాలను పది సెకన్లకోసారి చదవడం ఏ మాత్రం భారం కాదు. విలువ విలువకూ వేరుగా అడగకుండా పక్కపక్కన ఉన్న రిజిస్టర్లను ఒకే దెబ్బకు చదవండి. ప్రమాణం 125 దాకా ఒప్పుకుంటుంది కానీ మీ మీటరు అంతకంటే తక్కువకే మొరాయించవచ్చు. రెండు అభ్యర్థనల మధ్య కాస్త ఖాళీ వదలండి. ఆ ఖాళీని బట్టే పరికరానికి ఒక మాట అయిపోయిందని తెలుస్తుంది. 9600లో కనీసం నాలుగు మిల్లీసెకన్లు కావాలి, నేనైతే యాభై వదులుతాను.

విద్యుత్ సంస్థ పెట్టిన మీటరును కూడా ఈ లైనుకు కలపాలని ఆలోచన ఉంటే మానుకోండి. దానికి సీలు ఉంటుంది, పైగా అది మాట్లాడేది మోడ్‌బస్ కాదు, డీఎల్‌ఎంఎస్ అనే వేరే భాష. మీ సొంత మీటర్లే చాలు.

చివరి ప్రశ్న, ఏరేటర్లను ఆటోమేటిక్‌గా నడపడం. చేయవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. డీవో కనిష్ఠానికి పడేది తెల్లవారుజామున, కాపలా మనిషి కునుకు తీసే వేళ. 4 కంటే దిగితే ఇబ్బంది మొదలు, 3 కంటే దిగితే గంటల్లో పంట పోవచ్చు. ఆ వేళలో ఒక యూఎస్‌బీ కన్వర్టర్ మీద పంట మొత్తాన్ని ఆధారపెట్టడానికి ముందు, కనీసం ఒక పంటకాలం చదవడం వరకే ఉంచండి. ఆ తర్వాత చేసినా ఒకటే షరతు: పై ఆగిపోతే ఏరేటర్ ఆగకూడదు, తిరగాలి. అంటే రిలే మామూలు స్థితిలో మోటారు వేసి ఉంచాలి, పై పని చేస్తున్నంతసేపు మాత్రమే దాన్ని ఆపగలగాలి. కొత్త రీడింగు రాకుండా ఐదు నిమిషాలు గడిస్తే, పాత అంకె ఎంత బాగున్నా, ఏరేటర్లు వేయాలి. వీఎఫ్‌డీని మోడ్‌బస్ ద్వారా నడిపితే, సమాచారం ఆగినప్పుడు ఏం చేయాలనే పారామీటరు అందులో ఉంటుంది, దాన్ని ముందే పెట్టండి. వేగం రాసే రిజిస్టరు శాశ్వత మెమరీలోకి పోయేదా, తాత్కాలికమా అన్నది కూడా చూడండి. శాశ్వత మెమరీలోకి పది సెకన్లకోసారి రాస్తూ పోతే ఆ చిప్పు కొన్నాళ్లకు అరిగిపోతుంది. కరెంటు పోయినప్పుడు, డీవో తగ్గినప్పుడు మోగే అలారం మాత్రం వీటన్నిటికీ సంబంధం లేకుండా విడి బ్యాటరీ మీద ఉండాలి.

ముందుగా మీటరు ఒక్కటే లైను మీద ఉంచి 230.2 తెప్పించండి. తర్వాత తీగ జంటలు, 60 ఓమ్‌లు, ఏరేటర్లతో ఒక రాత్రి పట్టీ. అది చూశాక కూడా సీఆర్‌సీ తప్పులు మిగిలితే, ఆ పట్టీతో పాటు వీఎఫ్‌డీ మోటారు కేబులు ఏ దారిన వెళ్తోందో గీసి పంపండి. డీవో సెన్సార్ మాన్యువల్‌లో రిజిస్టర్ల పేజీ ఫొటో కూడా పెట్టండి, వరుస ఏమిటో చెబుతాను.